సగటులో లేని మనిషి

జర్నలిజం చదువుతానంటే నాన్న వెంటనే సరేనన్నారు. కానీ మన యూనివర్సిటీ సబ్జెక్టుల జాబితా చూసి ఇద్దరం అయోమయంలో పడ్డాం. రిపోర్టింగ్, ఎడిటింగ్ సరే, వాటితోపాటు ఎకనామిక్స్, చరిత్ర, స్టాటిస్టిక్స్ దేనికి? చరిత్ర క్లాసులో 1966 నాటి విశాఖ ఉక్కు ఉద్యమం గురించి చదివిస్తుంటే ఇష్టంగానే విన్నాను. లెక్కలంటేనే టెన్షన్.

రెండో ఏడాది ఏప్రిల్‌లో వేట నిషేధం మీద వార్త రాయమన్నారు. చేపలు గుడ్లు పెట్టే కాలమని మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లు కదలకూడదు. తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లాను. తడి గచ్చు మీద వంజరాలు, చందువాలు కుప్పలు పోసి వేలం పాట పాడుతున్నారు. ఆరుగురిని అడిగాను. వాళ్ల రాబడి కూడి ఆరుతో భాగించి, 'సగటు మత్స్యకారుడి నెల ఆదాయం' అని ఇంట్రోలో, అంటే వార్త మొదటి పేరాలో, పెట్టాను. నాకది చాలా బాగా కుదిరిందనిపించింది.

స్టాటిస్టిక్స్ సార్ ఆ కాగితం చదివి ఒక్కటే అడిగారు. "ఈ ఆరుగురిలో బోటు ఎవరిదమ్మా?"

ఒకరిది. ఆ ఓనరు అంకె తీసేసి మళ్లీ లెక్కకట్టమన్నారు సార్. సగటు సగానికి పైగా పడిపోయింది. నేను రాసిన ఆదాయం ఆ ఆరుగురిలో ఒక్కరికీ లేదు.

మర్నాడు మళ్లీ వెళ్లాను. గంప సర్దుకుంటున్న ఒకావిడ నాకు వాటాల లెక్క చెప్పింది. పాట డబ్బులోంచి ముందు డీజిల్, ఐసు, బియ్యం ఖర్చు పోతుంది. తర్వాత ఓనరు వాటా. మిగిలింది బోటు మీద పనిచేసే కళాసీలు పంచుకోవాలి. అంతా చెప్పి, "ఏట ఆగితే నా గంపా ఆగిపోద్ది తల్లీ. మమ్మల్నెవులు లెక్కెడతారు?" అంది.

నా ఆరుగురిలో ఆడమనిషే లేదు. ఆ సంగతి ఆవిడ అడిగేదాకా నాకు తట్టలేదు. వార్త ఆవిడ గంపతో మొదలుపెట్టి తిరగరాశాను.

ఇప్పుడు వార్తలు దిద్దే డెస్క్‌లో కూర్చుంటున్నాను. రిపోర్టర్ పంపిన కాపీలో 'సగటు' కనిపిస్తే రిపోర్టర్‌కి ఫోన్ చేసి, ఎవరెవరిని కలిపి లెక్కేశారని అడుగుతాను.

జర్నలిజం పిల్లలకి స్టాటిస్టిక్స్ భారమని, తీసేయమని అడుగుతున్నారని విన్నాను. దయచేసి తీయకండి. కష్టంగా ఉందంటే నాకు కబురు చేయండి. ఏప్రిల్ మొదటి వారంలో, తెల్లవారుజామున నాలుగున్నరకి హార్బర్ గేటు దగ్గర ఉంటాను. పిల్లల్ని పాట దగ్గరికి నేనే తీసుకెళ్తాను.