చిన్నాయన రాస్తున్న నోటుబుక్కు

ఆదివారం సాయంత్రం హన్మకొండ నుంచి హైదరాబాద్ పోవాలంటే నాకు మా చిన్నాయన కారే దిక్కు. ఇరవై ఏళ్లుగా ఆ రోడ్డు మీద కిరాయికి నడుపుతున్నాడు. శ్రావణంలో ఒక ఆదివారం ఆరింటికి బయల్దేరదామన్నాను. ఆయన గోడ మీది క్యాలెండర్ చూసి, “ఇయ్యాల లగ్గాలున్నయ్ బిడ్డా, ఐదు దాటనియ్యొద్దు” అన్నాడు. చిన్నమ్మ పచ్చడి సీసాలు సర్ది ఇచ్చేసరికి ఐదు నలభై అయింది.

జనగామ, ఆలేరు, భువనగిరి దాకా హాయిగా వచ్చేశాం. బీబీనగర్ టోల్ దాటి ఘట్‌కేసర్ దగ్గరికొస్తుంటే చిన్నాయన ఉన్నట్టుండి యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాడు. నాకింకా ఏమీ కనపడలేదు. రెండు క్షణాలకు ఎర్ర లైట్లు వరుస వెంట వరుస వెలుగుతూ మా వైపే వచ్చాయి. కార్లేమో ముందుకు పోతున్నాయి, ఆ ఎరుపు మాత్రం వెనక్కి నడుస్తోంది.

దాన్ని నేను రోజూ స్క్రీన్ మీద చూస్తాను. కాలిఫోర్నియా ఫ్రీవేల మీద రద్దీని ముందుగా అంచనా వేయడమే నా పని. అక్కడ రోడ్డు లోపల తీగ చుట్టలు పాతి ఉంటాయి. ఎన్ని బండ్లు పోయాయో, ఆ తీగ మీద ఎంతసేపు ఉన్నాయో ముప్పై సెకన్లకోసారి లెక్క వస్తుంది. జామ్ మొదలైందంటే, అది వెనకున్న చుట్టలకు ఒక్కొక్కదానికే గంటకు 15 నుంచి 20 కిలోమీటర్ల వేగంతో పాకుతుంది. దానికి యాక్సిడెంటే జరగక్కర్లేదు. జపాన్‌లో 230 మీటర్ల గుండ్రటి బాట మీద 22 కార్లను ఒకే వేగంతో నడపమంటే, కాసేపటికి ఏ అడ్డూ లేకుండానే జామ్ పుట్టింది. ఆ ప్రయోగం 2008లో అచ్చయింది.

రద్దీ మెల్లమెల్లగా పెరిగేదైతే ఇంత తిప్పలుండదు. లేన్‌కు గంటకు సుమారు రెండు వేల బండ్ల దాకా రోడ్డు మోస్తుంది. ఆ హద్దు దగ్గర ఎవరో ఒకరు బ్రేకు తొక్కితే చాలు, వేగం ఒక్కసారిగా పడిపోతుంది. పడ్డాక అదే రోడ్డు ముందు పంపినన్ని బండ్లను కూడా పంపలేదు. నలభై నిమిషాలు లేటుగా బయల్దేరితే నలభై నిమిషాలే లేటవుతామనుకోవడం అందుకే తప్పు. మేం ఉప్పల్ చేరేసరికి తొమ్మిది దాటింది.

వచ్చే ఐదు నిమిషాల సంగతి చెప్పడం తేలిక. ఇప్పుడున్నట్టే ఉంటుందంటే చాలాసార్లు సరిపోతుంది. వేగం ఒక్కసారిగా పడిపోయే ఆ ఘడియను అరగంట ముందు పట్టుకోవడమే కష్టం. మొదట్లో మా మోడల్, అంటే పాత లెక్కలతో నేర్చుకుని రాబోయే రద్దీని చెప్పే ప్రోగ్రాం, సగటు తప్పు చాలా చిన్నదని సంతోషపడ్డాను. గంటలవారీగా విడదీసి చూస్తే, అర్ధరాత్రి ఖాళీ రోడ్డును సరిగ్గా చెప్పి మార్కులు తెచ్చుకుంటోంది, సాయంత్రం నాలుగింటికి చేతులెత్తేస్తోంది. అప్పట్నుంచి రోజంతటి సగటు ఎవరు చూపించినా నమ్మను. రద్దీ మొదలయ్యే ఆ గంట చూపించమంటాను.

ఇంకోటి, క్యాలెండర్. అమెరికా వాళ్ల థాంక్స్‌గివింగ్ పండగ ఏటా నవంబర్ నాలుగో గురువారమే. మన మేడారం జాతర 2024లో ఫిబ్రవరి 21న మొదలైతే, 2026లో జనవరి 28నే వచ్చింది. నడుమ 2025లో పెద్ద జాతరే లేదు. ఆ ఒక్క ఏడాది లెక్కలతో నేర్పిన మోడల్‌కు సమ్మక్క గద్దెకు వచ్చే గురువారం మేడారం పోయే పస్రా రోడ్డు ఎట్లుంటుందో ఎక్కణ్నుంచి తెలుస్తుంది?

మన రోడ్డు లెక్క మనమే రాసుకోవాలని చిన్నాయనకు ఒక నోటుబుక్కు ఇచ్చాను. భువనగిరి, టోల్, ఘట్‌కేసర్, ఉప్పల్ ఎన్నింటికి దాటాడో, ఆ రోజు లగ్గమా, పండగా, వానా రాయమన్నాను. నలభై ట్రిప్పులు రాశాడు. మొన్న తిరగేస్తే, నేను చెప్పని గడి ఒకటి చివర్లో గీసి ఉంది. పొద్దున హైదరాబాద్ నుంచి ఎదురొచ్చిన పెండ్లి బస్సులు ఎన్నో అందులో రాస్తున్నాడు.

“పొద్దుగాల పోయినయి పొద్దూకి మల్ల రావాలె గదా బిడ్డా” అన్నాడు.