లొల్ల దగ్గర పోయిన పావు సెకను

జూన్ 12, గురువారం రాత్రి, అమలాపురం

మా పాత పుటల స్కానులూ, గొంతుల రికార్డింగులూ చెడకుండా చేరాయో లేదో చూడడానికి నిన్న రాత్రి తొమ్మిది గంటలకు రాజమహేంద్రవరంలోని కొత్త సర్వరు మీద మొదలుపెట్టిన సరిచూపు ఈ ఉదయం ఏడున్నరకు పూర్తయింది. ఆరు టెరాబైట్లను సెకనుకు 160 మెగాబైట్ల చొప్పున చదువుకుంటూ పోతే సుమారు పదిన్నర గంటలు పడుతుందని ముందే లెక్క వేసుకున్నాను. అందువల్ల లేవగానే ఫోను చేతిలోకి తీసుకోకుండా నాన్నగారి వెంట చేలోకి వెళ్ళాను.

ధవళేశ్వరం దగ్గర కాలువలకు నీళ్ళు వదిలి పది రోజులు దాటింది. మాది శివారు భూమి. ఎగువ ఊళ్ళన్నీ తాగాక మిగిలిన నీరే మా బోదెలోకి రావాలి. నీళ్ళు వదిలిన సంగతి పత్రికలో చదివినా, లాకుల దగ్గర కాలువ నిండుగా పారుతోందని లస్కరు చెప్పినా నాన్నగారు నారుమడికి విత్తనం నానబెట్టరు. ప్రతి ఉదయం బోదె గట్టు మీదికి వెళ్ళి, దిగి, కాలు పెట్టి చూస్తారు. ఈ రోజు నీరు చీలమండ దాకా వచ్చింది. "వదిలారన్నది వాళ్ళ లెక్క, వచ్చిందన్నది మన లెక్క అబ్బాయ్" అని, పంచె పైకి మడుచుకుని గట్టెక్కారు. నేను వారం రోజులుగా చేస్తున్న పని కూడా సరిగ్గా ఇదేనని ఆయనకు చెప్పాలనిపించింది, కాని అప్పటికే ఆయన మడి వైపు నడిచిపోతున్నారు.

మా కార్యాలయంలో ఉన్న సంపద ఏమిటో ఇక్కడ రాసి ఉంచడం అవసరం. పల్లె గ్రంథాలయాల్లోనూ, ఇళ్ళ అటకల మీదా దొరికిన పాత పత్రికలు, పంచాయతీ చిట్టాలు, పెళ్ళి శుభలేఖలు, చేతిరాత పుస్తకాలు అన్నీ కలిపి రెండు లక్షల పుటలకు స్కానులున్నాయి. ఏ4 పరిమాణంలో ఉన్న పుటను అంగుళానికి 300 చుక్కల చొప్పున రంగుల్లో, కుదించకుండా దాచితే దాదాపు 26 మెగాబైట్లు అవుతుంది. అంటే పుటలకే ఐదు టెరాబైట్లు దాటింది. వీటికి తోడు పెద్దవాళ్ళ చేత చెప్పించి రికార్డు చేసిన గొంతులు ఏడు వందల గంటలకు పైగా ఉన్నాయి. ఇవన్నీ ఇంతవరకు ఈ వీధిలో నేల మీది గదిలో, ఒకే విండోస్ సర్వరులో ఉన్నాయి. అందులో రెండు డిస్కులు ఒకదానికొకటి అద్దంలా నడుస్తాయి కాబట్టి బ్యాకప్ ఉన్నట్లేనని చాలాకాలం అందరం అనుకున్నాం. అది పొరపాటు. ఒక డిస్కు కాలిపోతే రెండోది ఆదుకుంటుంది, నిజమే. కాని ఒక ఫైలును పొరపాటున చెరిపినా, చెడిన ఫైలును ఎక్కించినా అద్దం ఆ చెరుపునూ ఆ చెడునూ కూడా అదే క్షణంలో నమ్మకంగా చూపిస్తుంది. ఇక గదిలోకి నీళ్ళు వస్తే రెండు డిస్కులూ ఒకే నీటిలో మునుగుతాయి. 1986 ఆగస్టు వరద గురించీ, 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను గురించీ మా ఇంట్లో మాట్లాడుకోని వర్షాకాలం లేదు. ఆ తుపానులో మా తాతగారి దస్తావేజుల పెట్టె మొత్తం తడిసి ముద్దయింది. అందుకే ఈ ఏడు వానలు ముదరక ముందే అంతటినీ రాజమహేంద్రవరంలో రెండో అంతస్తుకు చేర్చాలని పట్టుబట్టాను.

ఇక్కడి ఫైబరు లైను సెకనుకు 100 మెగాబిట్లది. అంటే ఎంత బాగా నడిచినా సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లు. ఆ లెక్కన ఆరు టెరాబైట్లు వెళ్ళడానికి ఐదున్నర రోజులు, అదీ కరెంటు పోకుండా, లైను తెగకుండా ఉంటే. అందువల్ల తొలి విడతను లైనులో పంపలేదు. 8 టెరాబైట్ల డిస్కు ఒకటి కొని, పదకొండు గంటల పాటు అందులోకి రాయించి, దాన్ని మెత్తటి తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని రావులపాలెం మీదుగా బస్సులో తీసుకువెళ్ళాను. అక్కడ దించడానికి మరో పదకొండు గంటలు పట్టింది. అంతా కలిపితే ఒక పగలూ ఒక రాత్రీ. డిస్కు కొన్న రోజున యంత్రం దాన్ని 7.27 అని చూపిస్తే, మా పట్టికలు రాసే అమ్మాయి మోసపోయామేమోనని కంగారుపడింది. అమ్మేవారు వెయ్యితో గుణించుకుంటూ పోతారు, విండోస్ 1024తో భాగించుకుంటూ వస్తుంది. పాత్ర ఒకటే, కొలిచే మానిక వేరు.

తరువాత వచ్చి చేరిన ఫైళ్ళను మాత్రం లైను మీద ఆర్‌సింక్‌తో పంపుతున్నాము. ఈ ప్రోగ్రామును ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మకెరాస్ అనే ఇద్దరు రాసి 1996లో బయటపెట్టారు. కోనసీమ తుపాను వచ్చిన ఏడే. ఫైలును ముక్కలుగా చూసుకుని, అవతలి ఒడ్డున లేని ముక్కలను మాత్రమే పంపడం దాని గొప్పతనం. పెద్ద జాబితాలో రెండు వరుసలు మారితే ఆ కాస్త తేడాయే ప్రయాణం చేస్తుంది. తగిన ఐచ్ఛికం పెట్టి ఉంచితే మధ్యలో కరెంటు పోయినా సగంలో ఆగిన ఫైలు దగ్గరి నుంచే మళ్ళీ అందుకుంటుంది. అయితే మామూలుగా నడిపినప్పుడు అది ఫైలు పరిమాణాన్నీ, చివరిగా మార్చిన సమయాన్నీ మాత్రమే పోల్చి చూస్తుంది. ఆ రెండూ సరిపోతే లోపల ఏముందో తెరచి చూడదు. పైగా అది దేన్ని చూస్తే దాన్నే రాస్తుంది. మన తాళపత్రాల చివర లేఖకులు "యాదృశం పుస్తకం దృష్ట్వా తాదృశం లిఖితం మయా" అని రాసి, తప్పొప్పుల దోషం తమది కాదని చెప్పుకునేవారు. ఆర్‌సింక్ కూడా అలాంటి నిజాయితీ గల లేఖకుడే. మూలం తప్పయితే ప్రతి కూడా అంతే శ్రద్ధగా తప్పవుతుంది.

అందుకే నిన్న రాత్రి సరిచూపును పాత సర్వరుతో పెట్టలేదు. ప్రతి ఫైలూ పుట్టిన రోజున తీసి రాసుకున్న ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్‌ల జాబితాతో పెట్టాను. హ్యాష్ అంటే ఫైలు లోపలి బైట్లన్నిటి నుంచి లెక్క కట్టి తీసే వేలిముద్ర లాంటిది. ఫైలు ఎంత పెద్దదైనా దాని ముద్ర 64 అక్షరాలే. లోపల ఒక్క బిట్టు మారినా ఆ ముద్ర గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది.

తొమ్మిది గంటలకు కార్యాలయానికి వెళ్ళేసరికి ఆ అమ్మాయి ఫలితం తెరచి కూర్చుంది. "అంతా చేరిందా అమ్మా?" అన్నాను. "ఆయ్, చేరింది సార్, పద్దెనిమిది తప్ప" అంది. ఆ పద్దెనిమిదే ఈ రోజంతా తినేశాయి.

వాటిలో పదిహేడు ఫైళ్ళు అసలు వెళ్ళనే లేదు. డిస్కు నుంచి దించిన రోజున ఆర్‌సింక్ చివరి వరుసలో కోడు 23 అని, అంటే కొన్ని ఫైళ్ళు బదిలీ కాలేదని చెప్పే ఉంది. ఆ సమయానికి నేను తిరుగు బస్సులో ఉన్నాను, తెర మీది ఆ వరుసను ఎవరూ చదవలేదు. కారణం వెతికితే అది మన లిపి దగ్గర తేలింది. విండోస్ పద్ధతిలో ఒక పేరులో 255 యూనిట్ల వరకు పట్టవచ్చు, తెలుగులో ఒక్కో గుర్తు ఒక్క యూనిట్టే. కొత్త సర్వరు లినక్స్‌ది. అక్కడ పేరుకు 255 బైట్లే హద్దు. గుర్తులను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు గుర్తుకూ మూడు బైట్లు కావాలి కనుక 85 గుర్తులతో పేరు నిండిపోతుంది. గుర్తులంటే కంటికి కనిపించే అక్షరాలు కావు. 'స్వాతంత్ర్యము' అన్న మాట మనకు నాలుగక్షరాలు. యంత్రానికి మాత్రం హల్లు, పొల్లు, వత్తు కావలసిన హల్లు, గుణింతం, సున్న అన్నీ విడివిడిగా పదమూడు గుర్తులు, 39 బైట్లు. పాత పుస్తకాల పేర్లేమో గ్రంథకర్త ఊరు, బిరుదు, ముద్రణశాలతో సహా బారెడుంటాయి. ఆ అమ్మాయి వాటిని ఒక్క అక్షరం వదలకుండా ఫైలు పేరుగా పెట్టింది. తప్పు ఆమెది కాదు. పుస్తకం మీద ఉన్న గౌరవంతో చేసిన పని అది. చివరకు ఫైలు పేరులో సంఖ్య మాత్రమే ఉండాలని, పూర్తి పేరు పట్టికలో ఉండాలని నిర్ణయించుకుని, ఆ పదిహేడింటికీ ఇద్దరం కూర్చుని కొత్త పేర్లు పెట్టి పంపాము. మిగిలిన వాటికి కూడా నెమ్మది మీద అదే పద్ధతి పెట్టాలి.

ఈ వెతుకులాటలోనే మరొకటి బయటపడింది. 'పైడిపర్రు' పేరుతో కొత్త సర్వరులో రెండు ఫోల్డర్లున్నాయి. కంటికి రెండు పేర్లూ ఒకటే. ఒకటి మిత్రుడి పాత మ్యాక్ నుంచి వచ్చింది. ఆ పద్ధతి ఐత్వాన్ని ఎత్వంగానూ, కింద ఉండే గుర్తుగానూ విడదీసి దాచుకుంటుంది. అందువల్ల బైట్లు వేరయి, ఆర్‌సింక్ వాటిని రెండు వేరువేరు పేర్లుగా పరిగణించింది. రెండిటినీ పోల్చి ఒకటి తీసివేశాను. నష్టం లేదు.

పద్దెనిమిదవ ఫైలు దగ్గర మాత్రం గుండె జారింది. అది 2017లో రికార్డు చేసిన ఒక పడవ సరంగు గారి గొంతు. గంటా పది నిమిషాలు, 1.2 గిగాబైట్లకు కాస్త అటూఇటూ. కాలువల మీద సరుకు పడవలు నడిచిన రోజుల్లో ఒడ్డున తాడు పట్టి లాగేవాళ్ళ పాటలూ, ఏ లాకు దగ్గర ఎంతసేపు ఆగేదీ, ఎక్కడ వంట చేసుకునేదీ ఆయన వరుసగా చెప్పుకుంటూ పోతారు. ఆయన 2019లో కన్నుమూశారు. ఆ ఫైలు కొత్త సర్వరుకు చేరింది. పరిమాణం సరిపోయింది, తేదీ సరిపోయింది, పాత సర్వరులోని ప్రతితో బైటుకు బైటు సరిపోయింది. కాని పుట్టిననాటి ముద్రతో సరిపోలేదు. రెండు యంత్రాలూ ఒకే మాట మీద నిలబడ్డాయి, ఆ మాటే తప్పు.

హెడ్‌ఫోన్లు పెట్టుకుని మొదటి నుంచి విన్నాను. ముప్పై ఎనిమిదో నిమిషంలో ఆయన ధవళేశ్వరం నుంచి పడవ దిగివచ్చే దారి చెబుతున్నారు. "బొబ్బర్లంక దాటేక..." అన్న తరువాత చిట్లినట్లు ఒక రొద వచ్చింది. పావు సెకనుకు మించదు. ఆ తరువాత మళ్ళీ ఆయన గొంతు మామూలుగానే, "అక్కడ కాలువలు చీలిపోతాయి బాబూ" అని సాగింది. ఎక్కడ చీలిపోతాయో చెప్పిన ఆ ఒక్క మాట మీదే దెబ్బ పడింది. లెక్క చూస్తే 64 కిలోబైట్లు. ఇది 2021లో, అంతకు ముందున్న యంత్రం నుంచి ఇక్కడి పాత సర్వరులోకి మార్చినప్పుడు జరిగింది. ఆ బదిలీ చేసినవాణ్ణి నేనే. ముద్రల జాబితా చేతిలో ఉండి కూడా, ఫైళ్ళ సంఖ్య సరిపోయిందని చూసుకుని, ఇంటికి వెళ్ళిపోయాను. నాలుగేళ్ళుగా ఈ గొంతు అలా గాయంతోనే ఉంది, ఆ నాలుగేళ్ళూ మేము దాన్ని భద్రంగా ఉందని చెప్పుకుంటున్నాము.

మధ్యాహ్నం భోజనానికి వెళ్ళలేదు. రికార్డింగులకు వెళ్ళిన రోజుల్లో వెంట తీసుకెళ్ళిన చిన్న డిస్కు ఇనుప బీరువా అడుగు అరలో, ఫైళ్ళ కట్టల వెనక దొరికింది. దాన్ని పారవేయకుండా ఉంచిన పుణ్యం ఎవరిదో గాని వారికి చేతులెత్తి నమస్కరించాలి. ఉప్పు గాలికి దాని తీగ కొన పచ్చబారి ఉంది. మెత్తటి గుడ్డతో తుడిచి, వేరే తీగ తెచ్చి కలిపితే కాసేపు గరగరమని తిరిగి, తెరచుకుంది. ముందుగా ఆ డిస్కు మొత్తాన్ని మరొక చోటికి చదివించుకుని, ఆ తరువాతే ఫైలుకు ముద్ర తీశాను. 64 అక్షరాలనూ ఆ అమ్మాయి పైకి చదువుతుంటే నేను 2017 నాటి జాబితాలో వేలు పెట్టి చూసుకుంటూ వచ్చాను. యంత్రం ఒక్క వరుసలో చెప్పగల సంగతే అయినా, నాకు చెవితో వినాలనిపించింది. చివరి అక్షరం దాకా సరిపోయింది.

సాయంత్రం నాలుగున్నరకు ఆ ఫైలును రాజమహేంద్రవరం పంపాము. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. అక్కడ మళ్ళీ ముద్ర తీయించాము, సరిపోయింది. పాడైన ప్రతిని మాత్రం చెరపవద్దని, 'దోషం' అని పేరు పెట్టి పక్కన ఉంచమని చెప్పాను. పాత సర్వరులో మిగిలినవన్నీ కూడా పుట్టిననాటి ముద్రలతో సరిపోతున్నాయని తేలేదాకా ఆ యంత్రాన్ని ఎవరూ ఖాళీ చేయకూడదు.

మూడో ప్రతి సంగతి ఇంకా ఉంది. అమలాపురం, రాజమహేంద్రవరం రెండూ ఒకే గోదావరి మీద, ఒకే తుపాను నీడలో ఉన్న ఊళ్ళు. అందుకని వచ్చే వారం ఆ 8 టెరాబైట్ల డిస్కునే కొత్తగా నింపి హైదరాబాదు పంపుతున్నాము. అక్కడ దించిన తరువాత చేరిందని ఫోనులో చెబితే సరిపోదని, సరిచూపు ఫలితం పంపాలని, అందులో చివరి వరుస తప్పకుండా ఉండాలని అక్కడి మిత్రుడికి ఉత్తరంలోనే రాశాను.

కార్యాలయం మూసే ముందు ముప్పై ఎనిమిదో నిమిషాన్ని కొత్త సర్వరు మీది నుంచే మరోసారి వినిపించాను. ఆ అమ్మాయి, కాపలా చూసే పెద్దాయన ఇద్దరూ నిలబడి విన్నారు. "బొబ్బర్లంక దాటేక లొల్ల. అక్కడ కాలువలు చీలిపోతాయి బాబూ." పెద్దాయన తల ఊపి, తమది లొల్ల పక్క ఊరేనని అన్నారు. రిజిస్టరులో ఆ ఫైలు సంఖ్యకు ఎదురుగా ఈ రోజు తేదీ వేసి, 'విని సరిచూశాము' అని రాసి, ముగ్గురం సంతకాలు చేశాము.