పౌడరు డబ్బా

శనివారం, రాత్రి పదకొండు.

పొద్దున్నే అమ్మ పాపకి నూనె రాసి, స్నానం చేయించి, మెడ మడతల్లో పౌడరు అద్దింది. వచ్చిన కొత్తలో ఇక్కడి మందుల షాపులో కొన్న జపాన్ పౌడరే, షిక్కరోల్. "వాసన తక్కువే గానీ మెత్తగా ఉందే" అని అప్పుడే మెచ్చుకుంది. ఇంకో పది రోజుల్లో అమ్మ విజయవాడ వెళ్లిపోతుంది. టోక్యోలో మేముండే నిషికసాయికి వచ్చి మూడు నెలలవుతున్నా ఎక్కడికీ తీసుకెళ్లలేదన్న బాధ నన్ను తినేస్తోంది. అందుకే పాపని ఆయనకి అప్పగించి ఇద్దరం తోజాయ్ లైన్ రైలెక్కాం. తకెబాషిలో దిగి నాలుగడుగులు వేస్తే నేషనల్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియం. 65 దాటినవాళ్లకి ఇక్కడి కలెక్షన్ చూడ్డానికి టికెట్ లేదు. పాస్‌పోర్ట్ చూపించి లోపలికి వెళ్తుంటే అమ్మ మొహం వెలిగిపోయింది.

నేను చూడాలనుకున్నది జపాన్ చిత్రకారుడు ఫుజితా బొమ్మ, 1923లో వేసిన 'ఐదుగురు నగ్న స్త్రీలు'. ఇక్కడ బొమ్మల్ని మారుస్తూ ఉంటారు కాబట్టి ఉంటుందో లేదోనని టెన్షన్ పడ్డాను. ఉంది.

దాదాపు రెండు మీటర్ల వెడల్పు. ఐదుగురు ఆడవాళ్లు, వెనక పూలూ బొమ్మలూ అచ్చువేసిన తెర. ఐదుగురూ పంచేంద్రియాలకు గుర్తు అంటారు. గుడ్డ పట్టుకున్నామె స్పర్శ, చెవి మీద చెయ్యి పెట్టుకున్నామె వినికిడి, అలా. నిలబెట్టింది పడమటి పద్ధతిలోనే, వేసింది కాన్వాస్ మీదే. కానీ ఆ ఒంటి రంగు ఆయిల్ పెయింట్‌లా మెరవదు. కాచి చల్లార్చిన పాల మీద మీగడ లాంటి తెలుపు. దాని అంచున వెంట్రుకంత సన్నటి నల్ల గీత. భుజం దగ్గర మొదలై, నడుము దాటి, మోకాలి దాకా.

అమ్మ ఒక్క చూపు చూసి "పద పద" అంది. వెళ్లి బెంచీ మీద కూర్చుంది. నేను బలవంతం చెయ్యలేదు. కాసేపటికి తనే వచ్చి పక్కన నిలబడింది.

"పెన్సిలా?"

"కాదమ్మా. కుంచె, నల్ల సిరా. మెన్సో అని, మొహంలో కనుబొమ్మల్లాంటివి గీసే సన్న కుంచె."

అమ్మ బొటనవేలూ చూపుడువేలూ కలిపి, ముగ్గు పోస్తున్నట్టు గాల్లోనే ఆ గీత వెంట చెయ్యి కదిపింది. మూలనున్న గార్డు ఓ అడుగు ముందుకొచ్చాడు. అమ్మ చూడలేదు. "చెయ్యి వణికితే ఇక్కడ తెలిసిపోయేది. వణకలేదు చూడు" అంది.

ఫుజితా 1886లో టోక్యోలో పుట్టాడు. ఇక్కడి ఆర్ట్ స్కూల్లో పాశ్చాత్య పద్ధతి నేర్చుకున్నాడు. గురువుల్లో పెద్ద పేరున్న కురోదా సెయికికి మాత్రం ఇతను నలుపు వాడటం నచ్చేది కాదట. 1913లో పారిస్ వెళ్లి, పదేళ్లు తిరక్కుండానే ఆ నలుపుతోనే పేరు తెచ్చుకున్నాడు. ఈ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు కళ్లు చెమరుస్తాయి.

అసలు నూనె రంగు మీద నీళ్ల సిరా నిలవదు, ముత్యాల్లా విడిపోతుంది. మరి ఇతనికెలా నిలిచింది? బతికున్నంతకాలం ఆ గుట్టు ఎవరికీ చెప్పలేదు. తర్వాతెప్పుడో బొమ్మల్ని బాగుచేసేవాళ్లు పరీక్షిస్తే ఆ తెలుపులో టాల్క్, అంటే పౌడర్లలో వాడే మెత్తటి రాతిపొడి, బయటపడింది. ఫోటోగ్రాఫర్ దోమోన్ కెన్ తీసిన ఫోటోల్లో ఫుజితా పనిచేసుకునే చోట పౌడరు డబ్బా కనిపించింది. షిక్కరోల్ డబ్బా.

అదే చెప్తే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "మన పాప పౌడరా?"

1943లో ఇతనే వేసిన, అలాస్కా వైపు అట్టు అనే దీవిలో జపాన్, అమెరికా సైనికుల యుద్ధ చిత్రం కూడా ఈ మ్యూజియం దగ్గరే ఉంది. గోధుమ రంగు చీకటిలో ఒకరి మీద ఒకరు పడి చచ్చేవాళ్లు. ఆ తెలుపు వేసిన చేతులే దీన్నీ వేశాయంటే నాకు ఇప్పటికీ మనసొప్పదు. యుద్ధం ముగిశాక ఇలాంటి బొమ్మలు వేశాడన్న నిందలు మోసి, 1949లో దేశం వదిలాడు. మళ్లీ రాలేదు. ఇవాళ అమ్మతో అవన్నీ మాట్లాడలేదు.

ఇంటికొచ్చేసరికి పాప ఏడ్చి ఏడ్చి ఎర్రబడి ఉంది. అమ్మ గోరువెచ్చటి నీళ్లతో తుడిచి, డబ్బా తీసి బుగ్గలకి పౌడరు అద్దింది. తర్వాత కాటుక భరిణె తెరిచి దిష్టిచుక్క పెట్టబోతూ ఆగింది.

"పౌడరు లేకుండా పెడితే కాటుక అలుక్కుపోతుందే. అందుకే ముందు పౌడరు. మా అమ్మ చెప్పింది నాకు."

చుక్క పెట్టింది. చెదరకుండా నిలిచింది. పాప నిద్రలో బుగ్గని నా భుజానికి రుద్దుకున్నా అంచు చెరగలేదు.