తుంటి సూది ఎక్కడ వేయాలి?

బెంగళూరులో ఇళ్లకు వెళ్లి పెద్దవాళ్లకు ఇంజెక్షన్లు చేసే మన తెలుగు నర్సుల కోసం ఇది. "జబ్బకే వేసెయ్యమ్మా" అంటారు మారతహళ్లి అపార్ట్‌మెంట్‌లో మంచాన ఉన్న పెద్దాయన. డాక్టర్ రాసింది 3 ఎంఎల్ డైక్లోఫెనాక్ (నొప్పి మందు) ఆంప్యూల్ అయితే ఒప్పుకోకండి. జబ్బ కండ చిన్నది, అంత మందు పట్టదు. పైగా ఈ మందుకు మంట ఎక్కువ. సరిగా పడకపోతే చర్మం నల్లబడి కుళ్లే ప్రమాదమూ ఉంది.

అలాగని పిరుదు మీద ఎక్కడపడితే అక్కడ పొడవకూడదు. సయాటిక్ నరం అటుగానే వెళ్తుంది. అది దెబ్బతింటే పాదం పైకి లేవక వేలాడిపోవచ్చు. బక్కచిక్కిన ముసలివాళ్లలో ఈ భయం ఇంకా ఎక్కువ. అందుకే నా ఓటు తుంటి పక్కభాగానికే, అంటే వెంట్రోగ్లూటియల్‌కి. అక్కడ పెద్ద నరాలూ రక్తనాళాలూ లేవు.

చోటును కళ్లతో అంచనా వేయొద్దు. పేషెంట్‌ను పక్కకు తిప్పి, పైకాలు కాస్త మడవమనండి. ఎడమ తుంటికి మీ కుడిచేయి, కుడి తుంటికి ఎడమచేయి. తొడ పైన బయటికి తగిలే గట్టి ఎముక మీద అరచేయి ఆనించండి, బొటనవేలు గజ్జల వైపు ఉండాలి. చూపుడువేలు ముందున్న తుంటి ఎముక మొనను తాకాలి, మధ్యవేలు ఆ ఎముక అంచు వెంబడి వెనక్కి చాచాలి. ఆ రెండు వేళ్ల సందు మధ్యలోనే సూది. చోటు గుర్తుపెట్టుకుని చేయి తీసేయండి, లేకపోతే మీ వేలికే గుచ్చుకుంటుంది.

స్పిరిట్ రాశాక 30 సెకన్లు ఆరనివ్వండి, తడి మీద పొడిస్తే చురుక్కుమంటుంది. మందు లాగిన సూది తీసేసి కొత్తది పెట్టండి. 22 లేదా 23 గేజ్, ఒకటిన్నర అంగుళం. పేషెంట్ మరీ సన్నగా ఉంటే అంగుళం చాలు. చర్మాన్ని ఒక అంగుళం పక్కకు లాగిపట్టి, నిటారుగా ఒక్కసారే దించండి. ప్లంజర్ కాస్త వెనక్కి లాగినప్పుడు రక్తం వస్తే సూది తీసి, ఆ మందు పారేసి కొత్తగా మొదలుపెట్టాలి. (టీకాలకు ఇలా లాగనక్కర్లేదు.) ఒక్కో ఎంఎల్‌కి 10 సెకన్ల చొప్పున ఎక్కించి, ఇంకో 10 సెకన్లు ఆగి సూది తీశాకే చర్మం వదలండి. అప్పుడు మందు దారి మూసుకుపోయి పైకి కారదు. దూదితో నొక్కండి, రుద్దకండి. కాల్లోకి కరెంటు కొట్టినట్టుందంటే వెంటనే ఆపి సూది తీసేయండి.

వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడుతున్నారా, ఆస్తమా ఉందా, కిడ్నీ జబ్బుందా అని ముందే అడగండి. ఏదైనా ఉంటే డాక్టర్‌కి ఫోన్ చేయకుండా డైక్లో వేయకండి. వేశాక కనీసం 15 నిమిషాలు అక్కడే ఉండండి. ఒంటిమీద దద్దుర్లు, ఆయాసం, కళ్లు తిరగడం కనిపిస్తే అది మందు పడక వచ్చిన తీవ్ర అలర్జీ కావచ్చు, వెంటనే అంబులెన్స్ 108. డాక్టర్ ఆదేశం ఉంటే పెద్దవాళ్లకు 1 ఎంఎల్‌కి 1 మిల్లీగ్రామున్న అడ్రినలిన్ 0.5 ఎంఎల్, తొడ బయటివైపు మధ్యలో.

వాడిన సూదికి మూత మళ్లీ పెట్టొద్దు. ఆసుపత్రి వ్యర్థాల (బయోమెడికల్ వేస్ట్) 2016 నిబంధనల ప్రకారం అది గుచ్చుకోని తెల్ల డబ్బాలో పడాలి. ఆ డబ్బా మీ సంచిలోనే ఉంచుకుని ఆసుపత్రికి తిరిగి ఇవ్వండి. ఇంటి చెత్తలో వేస్తే మర్నాడు పొద్దున్నే అది పౌరకార్మికుల (చెత్త ఎత్తేవాళ్ల) చేతికి గుచ్చుకుంటుంది.