ముందు పైపు పలకాలి, తర్వాతే గాలిపెట్టె

రెండు బస్సులు మారి వెళ్లింది కొత్త పైప్ ఆర్గాన్ (మీటలు నొక్కితే పైపుల్లోకి గాలి వెళ్లి పలికే చర్చి వాద్యం) చూద్దామని. తీరా చూస్తే చర్చిలో ఉన్నది ఖాళీ చెక్క చట్రం. పైపులింకా వర్క్‌షాపులోనే ఉన్నాయన్నారు. ప్రాణం ఉసూరుమంది. కానీ అక్కడికెళ్లాక మిగతా రెండు రోజులూ ఆ షెడ్డు వదలబుద్ధి కాలేదు.

పొడవాటి బల్లల మీద కొత్తదానికి వాడబోయే రెండు పాత ఆర్గాన్ల పైపులు: ఒకటి జర్మన్‌ది, ఒకటి ఇంగ్లీషుది. పాతవి దొరికితే సగం పని అయిపోయినట్టే అనుకుంటారు. కాదు. జర్మన్ పైపు మీద ‘బి’ అని ఉంటే అది బి ఫ్లాట్, అంటే బి కన్నా అర మెట్టు కింది స్వరం. అసలు బి మీద ‘హెచ్’ ఉంటుంది. చూసుకోకుండా పేరిస్తే తప్పు రంధ్రంలో కూర్చుంటుంది. ఇంగ్లీషు దానికి 56 మీటలే, కొత్తదానికి 61. వరుసకు ఐదేసి చిన్న పైపులు కొత్తగా చేయాలి. పైగా దాని శ్రుతి ఎ=452 (‘ఎ’ స్వరానికి సెకనుకు 452 కంపనాలు), కావలసింది 440. రెండడుగుల పైపు దాదాపు 16 మి.మీ. పెరగాలి. అందుకు పై అంచుకు రేకు పట్టీ తొడుగుతారు. ఏళ్లుగా శంకువుతో కొట్టి శ్రుతి చేసిన అంచులు చిరిగి ఉంటాయి, ముందు ఆ చిరుగు కోసెయ్యాలి.

తర్వాత ఒక్కో పైపునూ చిన్న గాలిపెట్టె (పైపుల పాదాల్లోకి గాలి పంపే పెట్టె) మీద నిలబెట్టి పలికించారు. పక్కనే గాలి ఒత్తిడి కొలిచే నీళ్ల గొట్టం. 75 మి.మీ. దగ్గర ఒక పైపు పై స్థాయికి ఎగిరి కూసింది, 65కు దించగానే నిండుగా పలికింది. తిత్తి మీద ఎంత బరువు పెట్టాలో ఇలా పైపులే తేల్చాలి. ఒత్తిడి ముందే ఖాయం చేసుకుని పాత పైపులను దానికి వంచడం నాకైతే అన్యాయంగా తోస్తుంది.

ఇంకో పైపుకు ఎవరో నోరు (పాదం పైన స్వరం పుట్టే చీలిక) ఎత్తుగా కోసేశారు. స్వరం ఆలస్యంగా వస్తోంది, గాలి చప్పుడే ఎక్కువ. నోరు పెంచడం క్షణం పని, తగ్గించడమే కష్టం. ఒంటిని పాదం దగ్గర విప్పి, అడుగున రెండు మి.మీ. కోసి, మళ్లీ టంకం పెట్టారు. టంకం పాకకుండా అతుకు పక్కన తెల్లటి పూత. తగరం, సీసం కలిసిన రేకు కాబట్టి వేడి కాస్త ఎక్కువైతే అదే కరిగిపోతుంది.

గాలిపెట్టెకు ఓక్ చెక్క వద్దన్నారు. దాన్నుంచి వెలువడే ఎసిటిక్ ఆమ్లం సీసం పైపుల పాదాలను లోపల్నుంచి తినేస్తుంది. జర్మనీ నగరం లూబెక్‌లోని సెయింట్ యాకోబి చర్చి పాత ఆర్గాన్‌కు జరిగింది అదే.

నోరు సరిచేసిన పైపును వెంటనే పలికించలేదు. చేతి వేడికే శ్రుతి పెరుగుతుంది. చల్లారేదాకా ఆగి, పలికించి, పాదం మీద పెన్సిల్‌తో ‘65’ అని రాసి బల్ల మీద పడుకోబెట్టారు.