ఒకే నోటు మీద ఆరుగురు: అక్రాలో చూసినవి

ఘానా రాజధాని అక్రాలో విమానం దిగగానే ఒక తమాషా. దేశానికి స్వాతంత్ర్యం తెచ్చిన క్వామే ఎన్‌క్రుమాని 1966లో మిలిటరీ వాళ్ళు దించేశారు కదా, ఆ పనిలో ముందున్న కొటొకా పేరే ఎయిర్‌పోర్ట్‌కి పెట్టుకున్నారు, నేను వెళ్ళినప్పుడు బోర్డు మీద ఆ పేరే ఉంది. అక్కడ ట్యాక్సీ ఎక్కి నేరుగా ఎన్‌క్రుమా సమాధికే వెళ్ళా.

1957 మార్చి 6న అర్ధరాత్రి ఆయన స్వాతంత్ర్యం ప్రకటించిన పాత పోలో గ్రౌండ్‌లోనే సమాధి. పాలరాయి, ఫౌంటెన్లు, చెయ్యి చాపి అడుగేస్తున్న పెద్ద కంచు విగ్రహం, అన్నీ బానే ఉన్నాయిగానీ నన్ను ఆపేసింది వెనకాల ఉన్న ఇంకోటి. దానికి తల లేదు. ఆయన్ని దించేసినప్పుడు పగలగొట్టారట, తలకాయ విడిగా ఒక దిమ్మె మీద పెట్టారు. అతికించొచ్చు కదా అనిపించింది ముందు, తర్వాత వద్దులే, ఇలానే ఉండాలి అనుకున్నా. ఆయన 1972లో బుకారెస్ట్‌లో పోయారు, గినీలో పూడ్చి, అక్కడి నుంచి సొంతూరు తెచ్చి, చివరికి 1992లో ఇక్కడికి మార్చారు.

బయట వాటర్ ప్యాకెట్ కొంటే చిల్లరలో పది సెడీల నోటొచ్చింది. దాని మీద ఆరుగురు వరసగా ఉంటారు, 1948లో బ్రిటిష్ వాళ్ళు జైల్లో వేసిన నాయకులు, అందులో ఎన్‌క్రుమా ఒకడు. మిగతా అయిదుగురిలో కనీసం ముగ్గుర్ని తర్వాత ఆయన ప్రభుత్వమే లోపలేసింది! డాంక్వా 1965లో న్సావమ్ జైల్లోనే చనిపోయాడు, ఒబెట్సెబి లాంప్టీ నిర్బంధంలో ఉండగానే పోయాడు, పార్టీ పనికి లండన్ నుంచి ఎన్‌క్రుమాని రప్పించండి అని సిఫార్సు చేసిన అకో అజేకి ఏకంగా ఉరిశిక్ష పడింది, అది తర్వాత తగ్గించార్లెండి. విచారణ లేకుండా లోపలెయ్యడానికి 1958లోనే చట్టం తెచ్చారు, 1964కల్లా ఒకే పార్టీ.

అకొసొంబో డ్యామ్ కట్టాడు, టెమా పోర్టు కట్టాడు, నిజమే. కరెంటు వెలుగు చూపించి జైలు చావుని మాఫీ చెయ్యమంటే మాత్రం నాకు మింగుడుపడదు.

పండగ రోజు దగ్గర కూడా ఇదే లొల్లి. ఎన్‌క్రుమా పుట్టిన సెప్టెంబర్ 21ని దేశ స్థాపకుడి రోజుగా జరిపేవాళ్ళు, అకుఫో అడో ప్రెసిడెంట్‌గా ఉన్నప్పుడు 2019లో దాన్ని ఆగస్ట్ 4కి మార్చి అందరూ స్థాపకులే అన్నారు (ఆయన నాన్న కూడా ఆ నోటు మీదున్నారు మరి), 2025లో తర్వాతి ప్రెసిడెంట్ మహామా వచ్చి మళ్ళీ వెనక్కి తిప్పాడు.

టెమాలో ఉన్న ఫ్రెండ్ ఇంటికి వెళ్తుంటే డ్రైవర్‌ పెద్దాయన్ని కదిపా. ఎన్‌క్రుమా రోజుల్లో పాల డబ్బాకి, పంచదారకి వాళ్ళమ్మ లైన్లో నిలబడిన కథ చెప్పాడు, ఆ వెంటనే ఎన్‌క్రుమా లాంటోడు మళ్ళీ రాలేదన్నాడు. మీ నోట్ల మీద ఎవరుంటారని అడిగితే గాంధీ ఒక్కడే అన్నా. ఆయన విగ్రహం మా లెగాన్ యూనివర్సిటీలోంచి 2018లో తీసేశాం తెలుసా అన్నాడు నవ్వుతూ. తెలుసన్నా. సౌతాఫ్రికాలో ఉన్న తొలిరోజుల్లో నల్లవాళ్ళ గురించి గాంధీ రాసినవి చదివితే వాళ్ళ కోపం అర్థమవుతుంది, కానీ మనిషి తర్వాత మారాడు కదా అన్నా, ఆయన ఒప్పుకోలా, టెమా దాకా ట్రాఫిక్‌లో ఇదే గొడవ.