సైగాన్ పాత బజారులో ఒక రాత్రి

సాయంత్రం ఏడింటికి టోన్ థట్ డామ్ వీధిలో అడుగుపెట్టేసరికి నేల ఇంకా తడిగానే ఉంది. చేపల గంపలు కడిగిన నీళ్లు, పక్కన వాడిపోయిన ఆకుకూరలు. వియత్నాంలోని హోచిమిన్ నగరంలో (పాత పేరు సైగాన్) ఉన్న ఈ సంతను చో కూ అంటారు. అంటే పాత బజారు. 1914లో బెన్ థాన్ మార్కెట్ ఇప్పుడున్న చోటికి వెళ్లిపోయినా ఇక్కడి బేరాలు ఆగలేదు. ఇలాంటి వీధిలో మిషెలిన్ స్టార్ (మేటి రెస్టారెంట్లకు మిషెలిన్ గైడ్ ఇచ్చే గుర్తింపు) ఉన్న రెస్టారెంట్ ఉందని తమ్ముడు చెప్తే నాకు నమ్మబుద్ధి కాలేదు.

పేరు ఆనాన్ సైగాన్. వియత్నామీస్‌లో 'ఆన్' అంటే తినడం. అదే మాట రెండుసార్లు వింటుంటే, విస్తరి ముందు కూర్చోబెట్టి "తినండి, తినండి" అని మా పెద్దమ్మ బతిమాలినట్టే అనిపించింది. అక్కడివాళ్లు కూడా ఎదురుపడితే "అన్నం తిన్నావా?" అని పలకరించుకుంటారట!

ఈ నగరంలో చాలా ఇళ్లలాగే ఇదీ గొట్టంలాంటి ఇల్లు. వీధివైపు ఇరుకు, లోపలికి పొడవు, పైకి అంతస్తులు. దీన్ని 2017లో తెరిచిన షెఫ్ పీటర్ కువాంగ్ ఫ్రాంక్లిన్ వియత్నాంలోని దలాత్ ఊళ్లో పుట్టారు. 1975లో దేశం వదిలి అమెరికా చేరారు. బ్యాంకింగ్ ఉద్యోగం మాని వంట నేర్చుకున్నారు. మిషెలిన్ గైడ్ 2023లో మొదటిసారి వియత్నాంకి వచ్చినప్పుడు, ఈ నగరంలో స్టార్ దక్కింది దీనికొక్కదానికే.

ముందుగా బాన్ సెయో టాకో వచ్చింది. 'సెయో' అంటే పిండి పెనం మీద పడగానే వచ్చే చప్పుడు, మన 'సుయ్' లాంటిదే. బియ్యప్పిండి, పసుపు, కొబ్బరిపాలు కలిపి పోసే పల్చటి అట్టు అది. ఇక్కడ దాన్ని మెక్సికోవాళ్ల మడత రొట్టె టాకోలా అరచేతిలో ఇమిడేలా మడిచి, లోపల రొయ్యలు పెట్టారు. "అక్కా, మన అట్టేగా ఇది!" అన్నాడు తమ్ముడు. అట్టే, కానీ అంచు కరకరలాడాక చేపల సాస్ ఉప్పదనం, పుదీనా చల్లదనం ఒకేసారి తగిలాయి. చిన్న చేపల్ని ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టి తీసే సాస్ అది. మాది మచిలీపట్నం కాబట్టి ఆ వాసన నాకు కొత్త కాలేదు. ఒక్క లోటు మాత్రం అనిపించింది: మామూలు బాన్ సెయోని ఆవాకులో చుట్టుకుని, చేత్తో తుంచి తినే సరదా టాకోలో ఉండదు.

తర్వాత అదే భవనంలోని న్యౌ న్యౌ బార్. నలుగురూ కూర్చుని తింటూ, తాగుతూ, కబుర్లు చెప్పుకోవడాన్నే అక్కడ 'న్యౌ' అంటారు. వీధి పక్కన ప్లాస్టిక్ పీటల మీద జరిగే ఆ ముచ్చటే ఇక్కడ సన్నటి దీపాల వెలుగులో, మెత్తటి సంగీతంతో సాగుతోంది. తమ్ముడు ఫోజితో తీసుకున్నాడు. వియత్నామీస్ నూడుల్స్ సూప్ 'ఫో'లో పడే దినుసుల సువాసన ఉన్న కాక్‌టెయిల్. గ్లాసు నా ముక్కు దగ్గర పెడితే అనాసపువ్వు, దాల్చినచెక్క. మా ఇంట్లో బిర్యానీ పొయ్యి మీదున్నప్పటి వాసన! మేడ మీదికెళ్తే 68 అంతస్తుల బిటెక్స్‌కో టవర్ వెలుగుతోంది, కింద పాత బజారు రేకులు. రెండూ ఒకే చూపులో పడే చోటు కాబట్టే ఆ హోటల్ నాకంత నచ్చింది. అర్ధరాత్రి దాటే దాకా అక్కడే ఉన్నాం.

పొద్దున్నే మళ్లీ ఆ వీధికే వెళ్లాను. ఆకుకూరలమ్మే పెద్దావిడ గుండెకాయ ఆకారంలో ఉన్న ఒక ఆకు తుంచి ఇచ్చింది. నమిలితే అచ్చం పచ్చిచేప వాసన. నా ముఖం చూసి నవ్వి, ఇంకో ఆకు చేతిలో పెట్టింది.